ఉండుండి మిస్సింగ్ కొట్టే పాత ఇంజిన్: ముందు లోపాన్ని రప్పించండి
(పాత వాహనాల నిర్వహణ మీద ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మిస్సింగ్ అంటే సిలిండర్ తన వంతుకి మండకపోవడం. ఎప్పుడూ మిస్సయ్యే ఇంజిన్ గురించి నేనివాళ మాట్లాడబోవడం లేదు. అది తేలిక. నాలుగు సిలిండర్లలో ఒకటి పూర్తిగా పడుకుందంటే బండి మొత్తం ఊగిపోతుంది. బానెట్ ఎత్తి కాసేపు చూస్తే ఏ సిలిండరో తెలిసిపోతుంది. మనల్ని ఏడిపించేది ఉండుండి మిస్సయ్యేది. పొద్దున శుభ్రంగా నడుస్తుంది, మధ్యాహ్నం జర్కులు కొడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తడబడుతుంది, దిగేటప్పుడు మామూలైపోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి, డాక్టరు కుర్చీలో కూర్చోగానే మాయమయ్యే పంటినొప్పిలా అంతా సర్దుకుంటుంది. "ఏం లేదండీ, బాగానే ఉంది" అంటాడాయన. ఆయన్ని అని లాభం లేదు, ఆ సమయానికి నిజంగా బాగానే ఉంది.

ఆ తర్వాత జరిగేది మీ అందరికీ తెలుసు. ప్లగ్గులు మారుస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు. ప్లగ్ వైర్లు మారుస్తారు, మళ్లీ కొన్నాళ్లు బాగుంటుంది. ఆ తర్వాత బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచే కాయిల్, ఆ తర్వాత ఫ్యూయల్ ఫిల్టర్, చివరికి గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ విప్పి పెడతారు. తమాషా ఏమిటంటే ప్రతిసారీ కాస్త బాగుపడినట్టే ఉంటుంది. ఎందుకంటే ప్లగ్గు మార్చాలంటే వైరు లాగాలి, మళ్లీ గుచ్చాలి. ఆ లాగడంలో, గుచ్చడంలో పక్కనున్న వదులు కనెక్షన్ కాస్త బిగుస్తుంది. చిలుము పట్టిన టెర్మినల్ ఆ రాపిడికి కొంచెం శుభ్రపడుతుంది. లోపం ఎక్కడికీ పోలేదు, పక్కకి తప్పుకుందంతే. పేరు మాత్రం కొత్త ప్లగ్గుకి వచ్చింది.

అందుకని నా మాట ఒకటే. లోపం కళ్ల ముందు కనబడేదాకా ఏదీ మార్చకండి, వీలైతే ముట్టుకోకండి కూడా. అది ఎప్పుడొస్తోందో కనిపెట్టండి. తర్వాత, మీరు రమ్మన్నప్పుడు వచ్చేలా చేసుకోండి. రమ్మంటే వచ్చే లోపం సగం బాగైనట్టే.

ముందు చిన్న లెక్క. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి మండుతుంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి, ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడు సార్లు మండాలి. 3000 చుట్ల దగ్గర అది సెకనుకి 25 సార్లు. నాలుగు సిలిండర్లకీ ఒకటే కాయిల్ ఉన్న పాత బండిలో ఆ కాయిల్ సెకనుకి 100 స్పార్కులు ఇవ్వాలి. అందులో రెండు మూడు తప్పినా సీట్లో కూర్చున్నవాడి నడుముకి తెలుస్తుంది. అంటే మనం వెతుకుతున్నది పూర్తిగా చెడిపోయిన పార్టుని కాదు. నూటికి తొంభై ఏడు సార్లు సరిగ్గా పనిచేసే పార్టుని. మల్టీమీటర్‌తో ఒకసారి ఆనించి చూస్తే అది ఓకే అనే చెబుతుంది.

మండడానికి కావలసినవి కొన్నే. సరైన వేళకి తగినంత బలమున్న స్పార్కు, మండగలిగే పాళ్లలో గాలీ పెట్రోలూ, గట్టి కంప్రెషన్, అంటే సిలిండర్లో ఆ మిశ్రమాన్ని బాగా నొక్కే ఒత్తిడి. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలుకి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇది మీకు కొత్త కాదు, ముందుకెళ్దాం.

బండిలో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. మిస్సయినప్పుడల్లా రాయండి. ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా? ఎంత స్పీడు, ఏ గేరు? యాక్సిలరేటర్ ఎంత తొక్కి ఉంది? వాన పడుతోందా, మంచు ఉందా? ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది? మలుపు తిరుగుతున్నారా, గతుకులో పడ్డారా? హెడ్‌లైట్లు వేసి ఉన్నాయా? చాదస్తంగా అనిపించొచ్చు. కానీ ఇలా రాసుకున్నదాంట్లోనే సగం జవాబు ఉంటుంది. ఎందుకో చెబుతాను.

స్లోలో మాత్రమే తడబడి, కొంచెం తొక్కి రేజ్ చేయగానే సర్దుకుంటోందంటే స్పార్కు మీద నా అనుమానం తక్కువ. ఎక్కడో గాలి లోపలికి లీకవుతోంది. లేదా ఒక వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో చిన్న లీకు కూడా పెద్ద వాటా. రేజ్ చేస్తే పీల్చే గాలి పెరుగుతుంది, లీకు వాటా లెక్కలోకి రాకుండా పోతుంది.

దీనికి తిరగేసి, స్లోలో బ్రహ్మాండంగా ఉండి లోడ్ మీద మాత్రమే, అంటే టాప్ గేర్లో ఎత్తెక్కుతూ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే మిస్సవుతోందంటే హైటెన్షన్ వైపు, అంటే వేల వోల్టులు మోసే భాగాల వైపు చూస్తాను. కాయిల్, కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని లోపల తిరిగే రోటర్, వైర్లు, ప్లగ్గులు. గట్టిగా తొక్కితే సిలిండర్లోకి ఎక్కువ మిశ్రమం వస్తుంది, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే ప్లగ్ గ్యాప్ దూకడానికి కరెంటుకి ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడు ఎక్కడ దారి సులువుగా ఉంటే అక్కడికి దూకుతుంది, పగిలిన వైరు పక్కనుంచో, బీటవారిన క్యాప్ మీదుగానో. ప్లగ్గు అరిగి గ్యాప్ పెద్దదైతే ఈ కథ ఇంకా తొందరగా మొదలవుతుంది.

ఇక్కడొక పాత అలవాటు గురించి చెప్పాలి. ప్లగ్గు తీసి, వైరు తగిలించి, బ్లాకుకి ఆనించి, ఇంజిన్ తిప్పి "కరెంటు బాగానే వస్తోంది" అని తేల్చేస్తారు. అది బయటి గాలిలో. అక్కడ గ్యాప్ దూకడానికి కొద్ది వేల వోల్టులు చాలు. సిలిండర్ లోపల లోడ్ మీద పదివేలు దాటి కావాలి. బయట దూకిన స్పార్కు లోపల దూకుతుందని దాన్నిబట్టి చెప్పలేం. గ్యాప్ పెంచుకునే వీలున్న స్పార్క్ టెస్టర్ దొరుకుతుంది, దాంతో పెద్ద గ్యాప్ పెట్టి చూస్తే కాయిల్ అసలు బలం బయటపడుతుంది.

మిస్సయ్యే తీరు కూడా వినండి. సైలెన్సర్ దగ్గర చెవి పెడితే లయగా, ఒకే వరసలో 'బుస్సు' మంటోందా? అయితే అది ఒక సిలిండర్ సమస్య, ఆ సిలిండర్‌కి మాత్రమే చెందిన ప్లగ్గు, వైరు, వాల్వు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ చూడాలి. లయ లేకుండా ఎటు పడితే అటు తప్పుతోందా? అయితే అన్ని సిలిండర్లకీ ఉమ్మడిగా ఉన్నదేదో తప్పుతోంది: కాయిల్, రోటర్, కాయిల్ కరెంటుని తెంపుతూ కలుపుతూ ఉండే పాయింట్లు, పెట్రోలు సరఫరా, ఇగ్నిషన్ స్విచ్. ఈ ఒక్క తేడా తెలిస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

ఇంకోటి. పాత బండ్లలో ఎలక్ట్రానిక్ ఆర్‌పీఎం మీటర్ ఉంటే అది చాలావరకు కాయిల్ నెగెటివ్ నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. బండి నడుస్తూ జర్కు కొట్టిన క్షణంలో ఆ ముల్లు వైపు ఒక్క చూపు చూడండి. చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉన్నా ముల్లు టక్కున కిందకి పడిందంటే, కాయిల్‌కి వచ్చే కరెంటు గానీ పాయింట్ల వైపు గానీ తెగుతోంది. ముల్లు కదలకుండా ఉండి, బండి మాత్రం నీరసించిపోతోందంటే పెట్రోలు వైపు చూడాలి. మామూలుగా కరెంటు పోతే స్విచ్ కట్టేసినట్టు టక్కున తెలుస్తుంది. పెట్రోలు తగ్గితే మెల్లగా, సాగదీసుకుంటూ పోతుంది.

ఆర్‌పీఎం మీటర్ లేనివాళ్లు ఒక చిన్న బల్బు వాడొచ్చు. 12 వోల్టుల బల్బు ఒకటి తీసుకుని, చిన్న ఫ్యూజుతో, కాయిల్ పాజిటివ్ నుంచి ఎర్త్‌కి కలిపి, వైరు లోపలికి తెచ్చి డాష్‌బోర్డు మీద కనబడేలా అతికించండి. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్ కరెంటుని తగ్గించేది) ఉన్న బండైతే దానికి ముందు వైపు, అంటే కరెంటు వచ్చే వైపు కలపండి. మిస్సయినప్పుడు బల్బు రెప్ప కొట్టిందంటే తప్పు కాయిల్‌ది కాదు, దాని వెనకాల ఉన్నది. ఇగ్నిషన్ స్విచ్‌లో అరిగిన కాంటాక్టో, ఫ్యూజ్ బాక్సులో వేడెక్కే టెర్మినలో, ఎక్కడో రాసుకుంటున్న వైరో. బల్బు నిబ్బరంగా వెలుగుతూ ఉండగానే బండి మిస్సయిందంటే సరఫరా బాగానే ఉంది, ముందుకి వెళ్లండి.

ముందుకి వెళ్లడానికి నాకు బాగా ఇష్టమైన పనిముట్టు టైమింగ్ లైట్. దాన్ని టైమింగ్, అంటే స్పార్కు సరైన వేళకి పడుతోందా లేదా చూడటానికే వాడి పక్కన పెట్టేస్తారు, పాపం. వైరు మీద క్లిప్పు తగిలించే రకం టైమింగ్ లైట్, ఆ వైరులో కరెంటు పోయిన ప్రతిసారీ ఒకసారి వెలుగుతుంది. అంటే స్పార్కులు లెక్కపెట్టే యంత్రం మీ చేతిలో ఉన్నట్టే. మొదట కాయిల్ నుంచి క్యాప్ మధ్యలోకి వెళ్లే లావు వైరుకి క్లిప్పు పెట్టండి. ఇంజిన్ మిస్సయినప్పుడు ఇక్కడే వెలుగు తప్పుతోందంటే కాయిల్ గానీ, దాని ముందున్న పాయింట్లు, వాటికి తోడుండే కండెన్సర్, పాయింట్ల బదులు ఉండే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ గానీ. ఇక్కడ తప్పకుండా, ప్లగ్ వైర్ల దగ్గర మాత్రమే తప్పుతోందంటే మధ్యలో ఉన్నవి రెండే: క్యాప్, రోటర్. అన్ని వైర్ల దగ్గరా వెలుగు తప్పకుండానే ఇంజిన్ మిస్సవుతోందంటే, స్పార్కు బయలుదేరుతోంది కానీ ఫలితం లేదు. మసి పట్టిన ప్లగ్గు, పగిలిన పింగాణీ, వైరు చివరి బూటు పక్కనుంచి ఎర్త్‌కి దూకడం ఇందులోకి వస్తాయి. లేదా అసలు కారణం పెట్రోలో, కంప్రెషనో. టైమింగ్ లైట్‌కి కరెంటు వెళ్లిందని తెలుస్తుంది గానీ, ఎక్కడ దూకిందో తెలియదు. ఆ పరిమితి గుర్తుపెట్టుకోండి.

(ఒక శ్రోత: వానాకాలంలో మాత్రమే మిస్సవుతుందండీ మా కారు. ఎండ కాస్తే ఏం ఉండదు.)

అది ఈ మొత్తంలో అన్నిటికన్నా తేలికైన కేసండీ. తేమ ఉన్నప్పుడే వస్తోందంటే హైటెన్షన్ కరెంటు ఎక్కడో పైపైన పాకుతోంది. రాత్రి చీకట్లో బండి ఆరుబయట ఆపి, ఇంజిన్ నడుస్తుండగా, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే సీసాతో వైర్ల మీద, క్యాప్ మీద, కాయిల్ మీద సన్నని నీటి తుంపర కొట్టండి. తుంపర మాత్రమే, ధార కాదు. నీలం రంగు గీతల్లా మెరుపులు కనబడతాయి, 'టిక్కు టిక్కు' మని చప్పుడు కూడా వినబడుతుంది. ఎక్కడ మెరిస్తే అక్కడే లోపం. కానీ చెయ్యి తగలనివ్వకండి. పాత పాయింట్ల సిస్టమే ఇరవై వేల వోల్టుల దాకా వెళ్తుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అంతకు మించి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పని దగ్గరికే రాకూడదు. బానెట్ కింద ఫ్యాను, బెల్టు తిరుగుతుంటాయి, చీకట్లో అవి కనబడవు. అది కూడా చూసుకోండి.

క్యాప్ విప్పాక లోపల వెలుతురు పెట్టి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి పాకి ఉంటుంది. అది మురికి కాదు, కరెంటు పాకి పాకి కాల్చిన కార్బన్ దారి. తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే. మధ్యలో స్ప్రింగ్ మీద ఉండే చిన్న కార్బన్ బొత్తాం అరిగిపోయిందేమో, లోపలే ఇరుక్కుందేమో వేలితో నొక్కి చూడండి. రోటర్‌ని తిరగేసి కింది వైపు కూడా చూడండి. ఒక్కోసారి కరెంటు దాన్ని చిల్లు పొడుచుకుని కింది షాఫ్టులోకి దిగిపోతుంది. సూదిమొనంత నల్లచుక్క ఉంటుంది, అంతే.

ఇప్పుడు ఒక్క వైరు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే దీన్ని చాలామంది చూడరు, దీన్ని చూడకే కాయిల్ నుంచి కార్బురేటర్ దాకా అన్నీ మార్చేస్తారు.

పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్ లోపల, బయటి టెర్మినల్ నుంచి పాయింట్ల దాకా ఒక చిన్న మెత్తటి వైరు ఉంటుంది. వేలెడు పొడవు కూడా ఉండదు. పాయింట్లు బిగించిన ప్లేటు స్థిరంగా ఉండదు. పక్కనే డబ్బాలా ఉండి, ఇంజిన్ పీల్పుతో స్పార్కు వేళని ముందుకి జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ దాన్ని కొన్ని డిగ్రీలు లాగుతూ వదులుతూ ఉంటుంది. కాలు పెడల్ మీద కదిలినప్పుడల్లా ప్లేటు కదులుతుంది, ప్లేటుతో పాటు ఈ వైరు వంగుతుంది. ఏళ్ల తరబడి ఒకే చోట వంగి వంగి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు. చూస్తే వైరు కొత్తదానిలా ఉంటుంది. లోపల తెగిన కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ప్లేటు కదిలితే విడిపోతాయి.

ఇప్పుడు దీని లక్షణం చూడండి, ఎంత విచిత్రంగా ఉంటుందో. చాలా బండ్లలో స్లోలో వ్యాక్యూమ్ అడ్వాన్స్‌కి పీల్పు అందదు, ప్లేటు కదలదు, ఇంజిన్ బాగుంటుంది. పెడల్ పూర్తిగా తొక్కితే, ఇంజిన్లోకి గాలి వెళ్లే మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పడిపోతుంది, ప్లేటు మళ్లీ వెనక్కి వస్తుంది, అప్పుడూ బాగుంటుంది. మెల్లగా, ఒకే వేగంతో, పెడల్ మీద కొంచెం కాలు ఆనించి వెళ్తున్నప్పుడే ప్లేటు పూర్తిగా లాగబడి ఉంటుంది. అప్పుడే మిస్సవుతుంది. "గట్టిగా తొక్కితే బాగానే ఉంది, మెల్లగా పోతేనే జర్కులు" అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఈ వైరు సంగతే. పరీక్ష తేలిక. వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం పీకి, మ్యానిఫోల్డ్ వైపు కొసకి బిరడా పెట్టి, అదే రోడ్డు మీద అలాగే నడపండి. మిస్సింగ్ మాయమైతే దొరికినట్టే. నిర్ధారించుకోవాలంటే క్యాప్ తీసి, మల్టీమీటర్ ఆ వైరు రెండు కొసలకీ పెట్టి, గొట్టాన్ని నోటితో పీల్చండి. ప్లేటు కదులుతుంది. మీటరు అంకె ఎగిరితే వైరు తెగింది. ఆ ప్లేటుకి ఎర్త్ ఇచ్చే అల్లిక వైరు కూడా ఒకటుంటుంది, అదీ ఇదే జబ్బు చేస్తుంది. మార్చేటప్పుడు మామూలు గట్టి వైరు వేయకండి, సన్నపోగులున్న మెత్తటి వైరే వేయాలి.

డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుకి ప్లే ఉందేమో కూడా అప్పుడే చూసేయండి. రోటర్ పట్టుకుని పక్కకి కదిపితే ఆట తెలుస్తుంది. బుష్ అరిగితే షాఫ్టు తిరిగేటప్పుడు ఊగుతుంది, పాయింట్ల గ్యాప్ ప్రతి చుట్టుకీ మారుతుంది. చాలా బండ్లలో ఆ గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లే, కాబట్టి కొంచెం ఊగినా లెక్క తప్పుతుంది. టైమింగ్ లైట్ పెడితే గుర్తు ఒకచోట నిలవకుండా వణుకుతూ కనబడుతుంది.

వేడెక్కాక మాత్రమే వచ్చే మిస్సింగ్ ఇంకో జాతి. అరగంట నడిచాక మొదలవుతుంది, ఆపి చల్లారనిస్తే పోతుంది. కాయిల్ లోపలి చుట్టలు వేడికి సాగి తెగిన చోట విడిపోవచ్చు, ఇన్సులేషన్ చిట్లి చుట్టలో చుట్ట కలిసిపోవచ్చు. కండెన్సర్, ఇగ్నిషన్ మాడ్యూల్, క్రాంక్ సెన్సర్ కూడా ఇలాగే చేస్తాయి. వీటిని బండి నడిపి వేడెక్కించక్కర్లేదు. ఇంజిన్ స్లోలో పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఒక్కోదాన్నీ విడివిడిగా వేడి చేయండి. ఒకేసారి అన్నిటినీ కాదు. ఏది వేడెక్కినప్పుడు ఇంజిన్ తడబడిందో అదే. తడబడటం మొదలయ్యాక దానిమీద తడిగుడ్డ వేసి చల్లబరచండి, సర్దుకుంటే ఇక అనుమానం అక్కర్లేదు. మాడ్యూల్‌కైతే నీళ్లు వద్దు, ఎలక్ట్రానిక్స్ చల్లబరిచే స్ప్రే వాడండి. కండెన్సర్ విషయంలో నాకొక పట్టుదల ఉంది: బాగా పనిచేసిన పాతదాన్ని ఎప్పుడూ పారేయను. కొత్తగా కొన్నది బాగుంటుందన్న నమ్మకం లేదు.

(మరో శ్రోత: ప్లగ్గు రంగు చూసి చెప్పేయొచ్చు కదండీ?)

కొంతవరకే. లేత గోధుమరంగు బాగున్నట్టు, పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ, తడి నూనె అంటే రింగులో వాల్వు సీళ్లో, తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు తక్కువ లేదా వేడి ఎక్కువ. ఇంతవరకు నిజమే. కానీ ప్లగ్గు రంగు చాలా రోజుల సగటుని చూపిస్తుంది. వందలో మూడుసార్లు తప్పే దాన్ని సగటు దాచేస్తుంది. నాలుగు ప్లగ్గుల్లో ఒకటే వేరుగా ఉంటే అది పనికొచ్చే సమాచారం. నాలుగూ ఒకేలా ఉంటే రంగుని పట్టుకుని వేలాడకండి. రంగుకన్నా పింగాణీ మీద నిలువునా పాకిన సన్నని నల్లగీత ఉందేమో చూడండి, వైరు బూటు లోపల కూడా దానికి జత గీత ఉంటుంది. అలా ఉంటే రెండూ కలిపి మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

పెట్రోలు వైపు తొందరగా చూసేద్దాం. ఒక దూరం నడిచాక నీరసించి, ఆగితే తేరుకునే బండైతే ట్యాంకు మూత తీసి చూడండి. 'హుస్సు' మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి బాగైందంటే ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకు ఖాళీ అవుతుంటే లోపల వ్యాక్యూమ్ పెరిగి పెట్రోలుని వెనక్కి లాగుతోంది. ట్యాంకు అడుగున తుప్పు, చెత్త ఉంటే పెట్రోలు పీల్చే గొట్టానికి అడ్డం పడుతుంది, ఇంజిన్ ఆపితే కిందికి రాలిపోతుంది. ఇదీ అచ్చం అలాగే ఉంటుంది. నీళ్లు చేరితే అవి బరువు కాబట్టి అడుగునే ఉంటాయి, ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడో, మలుపులో ఊగినప్పుడో పైకి వస్తాయి. పుస్తకంలో పెట్రోలు మట్టం, మలుపులు రాయమన్నది ఇందుకే. పంపు మీద అనుమానం ఉంటే ఊహించకండి, ప్రెషర్ గేజ్ బిగించి లోడ్ మీద కూడా చూడండి. ఆగి ఉన్నప్పుడు సరిపోయే ప్రెషర్ ఎత్తెక్కేటప్పుడు సరిపోకపోవచ్చు. ఈ మధ్య పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు గట్టిపడటం, చీలడం కూడా చూసుకోండి. అది మిస్సింగ్ సంగతి మాత్రమే కాదు, నిప్పు సంగతి.

గాలి లీకులు వెతకడానికి కార్బురేటర్ క్లీనర్ కొట్టేవాళ్లున్నారు. వేడి ఇంజిన్ మీద మండే ద్రవం చల్లడం నాకు నచ్చదు. నీటి తుంపరే కొట్టండి. లీకున్న చోట నీరు కాసేపు చిల్లు మూస్తుంది, ఇంజిన్ చప్పుడు మారుతుంది. ఇంజిన్ పీల్పుతో పనిచేసే బ్రేక్ బూస్టర్ గొట్టం మర్చిపోకండి. బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజిన్ తడబడితే అక్కడే.

ఇంజిన్ లోపలి లోపాలు ఉండుండి రావని ఒక నమ్మకం ఉంది. అది సరికాదు. వాల్వుల్ని తెరిచే ట్యాపెట్లు బిగుతుగా ఉంటే, అంటే వాటి గ్యాప్ చాలకపోతే, చల్లగా ఉన్నప్పుడు వాల్వు మూసుకుంటుంది, వేడెక్కి కాడ సాగాక పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. స్లోలో, వేడిగా ఉన్నప్పుడు మాత్రమే ఒక సిలిండర్ తడబడుతుంది. ట్యాపెట్ చప్పుడు లేదని సంతోషించే వాళ్లకి ఈ మాట. చప్పుడు చేసే ట్యాపెట్ కన్నా చప్పుడు లేని బిగుతు ట్యాపెట్ ప్రమాదం, వాల్వు కాలిపోతుంది. కంప్రెషన్ చూసేటప్పుడు ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, పెట్రోలు ఆపి, పెడల్ పూర్తిగా తొక్కి పట్టి ఇంజిన్ తిప్పండి. అంకె ఎంతన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి తక్కువుంటే అందులో చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ అనుమానించాలి.

ఇక ఇంజెక్షన్ బండ్లు. అవీ ఇప్పుడు పాతవే అయిపోయాయి. అమెరికాలో 1996 మోడల్ నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి కంప్యూటర్ తనంతట తాను మిస్‌ఫైర్ కనిపెట్టి కోడ్ రాయాలన్న నిబంధన వచ్చింది. పీ0300 అంటే ఫలానా సిలిండర్ అని లేకుండా ఎటుపడితే అటు, పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, అలా. కంప్యూటర్‌కి మంట కనబడదు. క్రాంక్ షాఫ్టు వేగం ఏ సిలిండర్ వంతుకి తగ్గిందో చూసి చెబుతుంది. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాచి ఉంచుతుంది: ఆ క్షణంలో ఇంజిన్ వేగం, లోడ్, వేడి. మనం పుస్తకంలో రాసుకునేవే అవి. కోడ్ చెరిపేస్తే అది కూడా పోతుంది. చెరిపే ముందు రాసుకోండి, దయచేసి.

ప్రతి ప్లగ్గుకీ విడి కాయిల్ ఉన్న బండైతే పరీక్ష చాలా సులువు. పీ0301 వచ్చిందనుకోండి, ఒకటో కాయిల్‌ని రెండో దాంతో అదలాబదలా చేసి నడపండి. తర్వాత పీ0302 వస్తే కాయిల్‌దే తప్పు. పీ0301 గానే ఉంటే కాయిల్ నిర్దోషి, అప్పుడు ప్లగ్గు మార్చి చూడండి, తర్వాత ఇంజెక్టర్. రెండు సిలిండర్లకి ఒక కాయిల్ ఉండే రకంలో 1, 4 కలిసి మిస్సవుతుంటే వాటి జంట కాయిలే.

ఇందులో ఒక మోసం ఉంది. స్పార్కు పడక సిలిండర్ మండలేదనుకోండి, అందులోని ఆక్సిజన్ వాడకుండా అలాగే సైలెన్సర్‌లోకి వెళ్తుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి "పెట్రోలు తక్కువైంది" అనుకుంటుంది. కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. మీటర్లో చూసినవాళ్లు పెట్రోలు లోపం అనుకుని ఇంజెక్టర్లు, పంపు మార్చడానికి దిగుతారు. అసలు జబ్బు స్పార్కుది. లీన్ అని కనబడినంత మాత్రాన లీన్ కాదు.

దొరికిందనుకున్నాక ఇంకో పని. కొత్త పార్టు వేశారు, మిస్సింగ్ పోయింది. పాతదాన్ని పారేయకండి. అవే పరిస్థితుల్లో, అదే వేడిలో, అదే ఎత్తు మీద నడిపి చూడండి. తర్వాత పాత పార్టు మళ్లీ వేయండి. మిస్సింగ్ తిరిగొచ్చిందా? అయితే నిజంగా దొరికింది, కొత్తది వేసి మర్చిపోండి. రాలేదా? అయితే మీరు ముట్టుకున్న ఇంకేదో బాగైంది. ఏ కనెక్టర్ కదిపారో, ఏ ఎర్త్ బిగించారో అక్కడికి వెళ్లండి. ఒక్కో కనెక్టర్‌ని ఇంజిన్ నడుస్తుండగా మెల్లగా కదిపి చూడండి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీని ముఖ్యంగా. స్టార్టర్ తిప్పుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య వోల్టేజీ కొలవండి, అది అర వోల్టు దాటితే ఆ పట్టీ, దాని బోల్టులు విప్పి గీకి బిగించాలి.

(ఒక శ్రోత: అది తేలేదాకా బండి నడపొచ్చా, ఆపెయ్యాలా?)

పొగని శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో డాష్‌బోర్డు మీది ఇంజిన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే నడపకండి. మండని పెట్రోలు కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ మండుతుంది, అది ఎర్రగా కాగి లోపల కరిగిపోతుంది. కింద ఎండుగడ్డి ఉన్నచోట ఆపడం కూడా ప్రమాదమే. లైటు నిలకడగా వెలుగుతుంటే, లోడ్ లేకుండా నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. కన్వర్టర్ లేని పాత బండైతే ఆ భయం లేదు. కానీ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని పెట్రోలు కడిగేస్తుంది, కొంత కిందికి జారి ఇంజినాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే మిస్సింగ్ బాగుచేసిన రోజే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చేయండి. ముందే మారిస్తే మళ్లీ మార్చాల్సి వస్తుంది.